ఒంటిమీద కుట్టిన రాణి వేషం

నగరి, పుత్తూరు చుట్టుపక్కల ఏ బడిలో వార్షికోత్సవం జరిగినా పిల్లలకు వేషాలు అద్దెకిచ్చేది అమానుల్లానే. వాళ్ల నాయన వీధినాటకాల వాళ్లకు దుస్తులు కుట్టినవాడు. నాటకాలు పోయాయి, దుస్తుల పెట్టెలు మిగిలాయి. పెద్దవాళ్ల కొలతలతో కుట్టిన ఆ బట్టల్ని ఇప్పుడు ఆరో తరగతి పిల్లలకు తొడగాలి. మిగతావాళ్లయితే పిన్నులు గుచ్చి సరిపెడతారు. ఒకసారి ఒక బుల్లి కృష్ణుడు పిన్ను గుచ్చుకుని స్టేజీ మీదే భోరుమన్నాడు. ఆ రోజు నుంచి అమానుల్లా పిన్ను ముట్టలేదు. పిల్లను ఎదురుగా నిలబెట్టుకుని, వేషాన్ని ఒంటిమీదే సూదిదారంతో కుట్టేస్తాడు. అరగంట పడుతుంది. ఆట అయ్యాక మళ్లీ తనే కత్తెరతో ఒక్కో దారం తెంచి బిడ్డను విడిపిస్తాడు. అమానుల్లా కుట్టిన వేషం జారదని టీచర్లు చెప్పుకుంటారు. అరవై రెండేళ్ల మనిషికి ఆ మాటంటే ప్రాణం.

ఆ ఫిబ్రవరి శనివారం ఆ పేరే ఆయన కాళ్లు కట్టేసింది.

ఆయన దగ్గర రాణి రుద్రమ వేషం ఒక్కటే ఉంది. ఆ రోజుకు రెండు బళ్లు అడిగాయి. పుత్తూరులో ఒక ప్రైవేటు బడికి పొద్దున పదికి, నగరిలో సర్కారు బడికి మధ్యాహ్నం రెండుకు. నడుమ దూరం స్కూటరు మీద అరగంట. దీనికి ఆలోచించాల్సిందేముంది? రెండుచోట్లా సరేనన్నాడు.

నగరి బడిలో రాణి కట్టేది లోకేశ్వరి. నెల ముందే గ్రేసీ టీచరు ఆ పిల్లను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి వచ్చింది. కిరీటం పెట్టి అద్దం ముందు నిలబెడితే లోకేశ్వరి కిరీటాన్ని రెండు చేతులా తడిమి చూసుకుంది. తర్వాత, "మాయమ్మ నన్ను గుర్తు పడతాదా తాతా?" అని అడిగింది. వాళ్లమ్మ మరమగ్గాల షెడ్డులో పనిచేస్తుంది. ఆమె బడి గడప తొక్కి ఎరగదు. ఈసారి మాత్రం వస్తానని మాటిచ్చిందట.

"ఎట్ల గుర్తు పడతాది? ఎవురో మహారాణి అనుకుంటాది," అన్నాడు అమానుల్లా.

పుత్తూరులో తొమ్మిదిన్నరకల్లా అక్కడి పిల్లకు వేషం కుట్టేశాడు. పన్నెండుకు విప్పేయొచ్చు. కానీ మన ముఖ్య అతిథులు చెప్పిన వేళకు వస్తే వాళ్ల గౌరవం ఏం కాను? పదకొండుకు అతిథిగారు తిరుపతిలో బయల్దేరాడన్నారు. పన్నెండుకు రేణిగుంట దాటాడన్నారు. ఒంటిగంటకు వడమాలపేటలో ఎవరింట్లోనో భోంచేస్తున్నాడన్నారు. పాపం, ఆకలి ఆయనకొక్కడికే వేస్తుంది మరి! ఇక్కడ స్టేజీ వెనక రాణిగారు పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా, కూర్చుంటే కుట్లు తెగుతాయని గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"సార్, నగిరిలో ఇంగొక బిడ్డ నాకోసరం కాసుకోనుండాది," అన్నాడు అమానుల్లా ప్రిన్సిపాలుతో.

"ఐదు నిమిషాలు భాయ్. సారు రాంగానే మొదట రాణినే పంపిస్తాం."

ఆ ఐదు నిమిషాలు గంట దాటాయి. ఫోను మోగింది. గ్రేసీ టీచరు. "యాడుండావు భాయ్? లోకేశ్వరి వాళ్లమ్మ పొద్దుటి షిఫ్టు ఇంగొకామెకిచ్చి వచ్చిండాది. మూడుకంతా మగ్గం కాడ ఉండల్ల."

"వస్తాండానమ్మా," అన్నాడు. గొంతు తనకే అబద్ధంలా వినిపించింది.

కత్తెర జేబులోనే ఉంది. మూడుసార్లు చెయ్యి జేబులోకి పోయింది. తెంచేస్తే, ఆ క్షణాన అతిథి దిగితే, మళ్లీ కుట్టడానికి అరగంట. ఈ బిడ్డ మాత్రం ఏం పాపం చేసింది? చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. ఇంత వయసొచ్చి ఇంత చేతకానివాణ్నయ్యానేమిటని ఆయనకు ఏడుపొచ్చింది.

రెండున్నరకు అతిథి వచ్చాడు, దండలయ్యాయి, రాణి ఆట ముగిసింది. అమానుల్లా నగరి చేరేసరికి మూడున్నర దాటింది. జనగణమన కూడా అయిపోయింది. షామియానా విప్పుతున్నారు. ముఖానికి రంగు, ఒంటిమీద యూనిఫాం, స్టేజీ అంచున లోకేశ్వరి.

"యూనిఫాంలోనే రాణి మాటలు చెప్పమంటే ఒప్పుకోలా భాయ్," అంది గ్రేసీ టీచరు.

అమానుల్లా గబగబా పెట్టె తెరిచి సూదిలో దారం ఎక్కించాడు. "దా తల్లీ."

"వద్దు తాతా. మాయమ్మ ఎల్లిపాయ. ఇప్పుడేసుకోని ఎవురికి సూపించేది?"

ఆయన సూదితోనే ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. అడిగాడు, "మీయమ్మ పనిచేసే షెడ్డు యాడ?"

బడి వెనక వీధే. ఆ మాటతో లోకేశ్వరి లేచి నిలబడింది. అరగంట పనిని అమానుల్లా పావుగంటలో ముగించాడు. గ్రేసీ టీచరుతో కలిసి ముగ్గురూ నడిచి వెళ్లారు. షెడ్డు వాకిట్లో గుమాస్తా అడ్డం నిలబడ్డాడు. "ఈ గుడ్డలు మగ్గంలో సిక్కుకుంటే ఎవురప్పా జవాబు చెప్పేది? కావాలంటే కిటికీ కాడ నిలబడండి."

తప్పుబట్టేందుకూ లేదు, అతను చెప్పింది నిజమే. కిటికీ ఊచల్లోంచి చూశారు. మగ్గాల మోతకు నేల అదురుతోంది. లోకేశ్వరి తల్లి ఒక్కతే నాలుగు మగ్గాలు చూసుకుంటోంది. తలెత్తింది, కిటికీలో కిరీటం చూసింది, గుర్తు పట్టలేదు. మళ్లీ చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

లోకేశ్వరి కత్తి దూసి రాణి మాటలు మొదలుపెట్టింది. మెడనరాలు ఉబ్బేలా అరిచి చెబుతోంది. సగంలో మూడో మగ్గం మీద దారం తెగింది. తల్లి అటు పరుగెత్తి వంగింది. ముడేసి ఆమె తలెత్తేసరికి బిడ్డ చెప్పాల్సిందంతా చెప్పేసి కత్తి దించేసింది. తల్లి అక్కడి నుంచే చెవి చూపించి, వినపడలేదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. అటు ఇంకో మగ్గం ఆగింది. ఆమె మళ్లీ తిరిగి చూడలేదు.

బడికి తిరిగొచ్చాక అమానుల్లా మోకాళ్ల మీద కూర్చుని దారాలు తెంచసాగాడు.

"మాయమ్మకు రవంతన్నా ఇనపడుంటాదా తాతా?"

"ఇనపడిండాదిలే తల్లీ."

లోకేశ్వరి కదలకుండా నిలబడి ఉంది. కుట్లు తెంచేటప్పుడు కదలకూడదని ఆయనే చెప్పాడు.

"నా మాట నాకే ఇనపళ్లేదు తాతా," అంది.