నాకు పెళ్లిచూపులైన ఆదివారం

మా తాండూరులో బడి పంతులమ్మకు నలభై దాటినా పెళ్లి కాకపోతే అది ఆమె సొంత విషయం కాదు, గల్లీ అందరి ఉమ్మడి ఆస్తి. ఈ సంగతి తెలిసి కూడా ఒక ఆదివారం నేను పోలీసులను ఇంటికి పిలిపించుకున్నాను.

పిలిపించింది నా క్లాసులోని ఐదో తరగతి పిల్ల కోసం. తల్లిదండ్రులు పుణె వైపు కూలికి పోతూ ఆమెను చిన్నాయన దగ్గర ఉంచారు. ఒకరోజు బడిలో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే చొక్కా చేయి పైకి జరిగి బెల్టు వాతలు కనిపించాయి. పాతవాటి మీద కొత్తవి. హెడ్‌మాస్టరుకు చెబితే "మనకెందుకమ్మా, పలుకుబడి ఉన్నోళ్లు" అన్నాడు. మనకు కాకపోతే ఇంకెవరికి? ఒళ్లు మండి, ఆయన ముందే పిల్లల హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టాను.

అవతలి మనిషి ఓపికగా చెప్పాడు. పిల్ల స్టేషన్‌కు రానక్కర్లేదు. ఎక్కడ మాట్లాడతానంటే అక్కడికే మహిళా అధికారి వస్తుంది, యూనిఫాం లేకుండా. పిల్ల చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకుంటుంది. కొట్టిన మనిషి ఆ సమయంలో పిల్ల కంట పడకూడదు. పిల్ల ఎవరన్నది ఊరికి తెలియకూడదు. ఎక్కడ మాట్లాడతావని పిల్లను అడిగితే "మీ వంటింట్ల" అంది. ఆదివారం ఎట్లాగూ లెక్కలు చెప్పించుకోవడానికి మా ఇంటికే వస్తుంది, ఎవరికీ అనుమానం రాదనుకున్నాను.

అధికారి పట్టుచీరలో దిగింది. చేతిలో పిల్లకని తెచ్చిన అరటిపండ్లు. వెనకాల తెల్లచొక్కా, కొత్త క్రాపుతో ఒక కానిస్టేబుల్.

"ఇదేం చీర మేడం?" అని గొంతు తగ్గించి అడిగాను.

"యూనిఫాం గాక ఇస్త్రీ జేసింది గిదొక్కటే ఉండె టీచర్" అన్నది.

ఇంకేముంది! వాళ్లు గడప దాటేలోపే మేమంతా ఖాలా అని పిలిచే ఎదురింటి ముసలామె కిటికీ తెరుచుకుంది. పక్కింటామె చక్కెర డబ్బా పట్టుకొని పరుగెత్తుకొచ్చింది. "దేర్ ఆయే, దురుస్త్ ఆయే" అని ఖాలా కిటికీలోంచే దీవించింది. ఆలస్యమైనా మంచి సంబంధమే వచ్చిందని ఆమె ఉద్దేశం. పక్కింటామె నా చెవిలో "పిలగాడు నీకన్న జర చిన్నగున్నడు గానీ, గిప్పుడు గవన్ని ఎవరు జూస్తున్నరు" అంది. కానిస్టేబుల్ చెవులు కందగడ్డలయ్యాయి.

కాదని అరవబోయాను. అరిస్తే, మరి వీళ్లెవరని అడుగుతారు. పోలీసులంటే, ఎవరి కోసమని అడుగుతారు. వంటింట్లో లెక్కల పుస్తకం ముందేసుకొని కూర్చున్న పిల్ల మీదికి పోతుంది కథ. కాబట్టి తల దించుకొని సిగ్గుపడ్డాను. నా జన్మలో అంత కష్టపడి చేసిన పని ఇంకొకటి లేదు.

కబురు పక్క గల్లీకి పాకింది. అక్కడ ఏ పంచాయితీకైనా ముందు కుర్చీ వేసుకునే పెద్దమనిషి ఆ పిల్ల చిన్నాయనే. పిలవని పేరంటానికి వచ్చి, ముందు గదిలో కూర్చొని, కానిస్టేబుల్‌కు నా గుణగణాలు వినిపించడం మొదలుపెట్టాడు. "మా టీచరమ్మ బంగారం. పిల్లలంటే పానం ఇస్తది. మా పోరికి గూడ గీమెనే సదువు చెప్తున్నది."

వంటింట్లో ఆ గొంతు వినబడగానే పిల్ల మాట ఆగిపోయింది. అధికారి పెన్ను పక్కన పెట్టి నా వైపు చూసింది. ఇప్పుడు చెప్పకపోతే ఈ పిల్ల ఇక ఎన్నటికీ చెప్పదు.

ముందు గదిలోకి పోయి, వీలైనంత ముద్దుగా అన్నాను. "అన్నా, వచ్చినోళ్లకు నోరు తీపి జేద్దామంటే ఇంట్ల ఏం లేదు. రైల్ టేషన్ కాడ జిలేబి మంచిగుంటది. నీసొంటి పెద్దమనిషి చేత్తోని తెస్తే కలిసొస్తది."

పెద్దరికం ఇస్తే ఎవరికి చేదు? వెంటనే లేచాడు. కానిస్టేబుల్ తెలివైనవాడు. "రా అన్నా, నా బండి మీద పోదాం" అని వెంటబడ్డాడు. పెళ్లికొడుకే జిలేబీకి పోవడమేమిటని పక్కింటామె బుగ్గలు నొక్కుకుంది.

"ఎంత సేపట్ల వస్తడు?" అని అడిగింది పిల్ల.

"నువ్వు చెప్పుడు అయ్యేదాంక రాడు. గా సార్ గూడ పోలీసే" అన్నది అధికారి.

పిల్ల తలుపు వైపు చూసి మొదలుపెట్టింది. బెల్టు సంగతి, ఎండలో నిలబెట్టిన సంగతి, అన్నం పెట్టని రోజుల సంగతి. అధికారి మధ్యలో ఒక్క మాట అడ్డు తగల్లేదు, ఒక్క మాట దిద్దలేదు. నేను పొయ్యి వైపు తిరిగి, చాయ పెడుతున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

ఆ జిలేబీ మా ఇంటికి రానేలేదు. అధికారి ఫోన్ చేయగానే కానిస్టేబుల్ బండి చిన్నాయనతో సహా అటు నుంచి అటే పోలీస్ స్టేషన్‌కు పోయింది. మేము ముగ్గురం దవాఖానలో దెబ్బలు చూపించి, వికారాబాద్ పోయే రైలెక్కాం. పిల్లను ఎవరి దగ్గర ఉంచాలో తేల్చే బాలల సంక్షేమ సమితి మెంబరు ఒకామె ఆదివారమైనా అక్కడ తన ఇంటి దగ్గరే పిల్లను చూస్తానన్నది. పిల్ల అమ్మమ్మను మోమిన్‌పేట్ నుంచి అక్కడికే రమ్మన్నారు.

రైల్లో పక్కింటామె ఫోన్ చేసింది. "కుదిరిందా?"

"లేదక్కా, చెడిపోయింది" అని పెట్టేశాను.

పిల్ల ఒడిలో అరటిపండ్లు అట్లాగే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తూ మెల్లగా అడిగింది. "టీచర్, మీ పెండ్లి నా వల్లనే చెడిపోయిందా?"

నవ్వొచ్చింది. ఆ వెంటనే అర్థమైంది. ఆ ఇంట్లో పాలు పొంగినా, పిల్లి దూరినా తప్పు ఈ పిల్లదేనని నూరిపోసి ఉంటారు.

"పెండ్లి లేదు, గిండ్లి లేదు బిడ్డా. నిజంగ వచ్చినా నా అరుపులకు భయపడి వాళ్లే ఉరుకుదురు. నీకేం సంబంధం?"

పిల్ల అరటిపండు ఒలుచుకుంటూ "అవు టీచర్, మీరు మస్తు ఒర్రుతరు. మరి తప్పు మీదే" అన్నది.

తప్పు తనది కాదని ఆ పిల్ల పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి.