బాన్సువాడ రైలుకు నేనేసిన నాటు

రైలు పట్టాలు తప్పిన ముచ్చట మీరు విని ఉంటరు. కని రైలు వరిపొలంల తప్పిపోయి, ఎండ్రికాయకు దొరికి, ఇంటి మీది రూంల మునిగిపోయిన ముచ్చట ఎన్నడన్న విన్నరా? వినకుంటె జర దగ్గరికి జరిగి కూసోన్రి. ముంచింది ఎవలని అడగకున్రి. నేనే. ఈ రెండు చేతులతోని, మస్తు ప్రేమతోని ముంచిన.

నాకు రాయ రాదు. సంతకం పెట్టమంటె అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూసుంటయ్. నేను చెప్తుంటె మా యారాలు సుజాత, మా మరిది పెండ్లాం, రాస్తుంది. "అక్కా, జర మెల్లగ చెప్పు, నీ గొంతుకు పక్కింటి కోళ్లు బెదురుతున్నయ్" అంటుంది. అది గూడ రాయవే, సిగ్గెందుకు!

మా బాన్సువాడకు రైలు లేదు. బస్సులున్నయ్, లారీలున్నయ్, నిజాంసాగర్ కాలువ ఉంది, రైలు మాత్రం లేదు. అయినా మా ఇంట్ల ఉండె. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు, ఊర్ల పట్టా లేదు, టేషన్ లేదు, రైలు పేరు బాన్సువాడ ఎక్స్‌ప్రెస్! అంత మా మరిది విఠల్ పుణ్యం.

విఠల్‌కు కాలిన మోటార్లకు తీగ చుట్టే దుకాణం ఉంది. బోరు మోటారు కాలిన రైతు ఇంట్ల పెండ్లాంతోని చెప్పకముందే వాని కాడికొచ్చి ఏడుస్తడు. పొద్దంత ఆ ఏడుపులు ఇని, మాపటికి కాళ్లు కడుక్కొని సక్కగ మీది రూంలకు పోతడు. ఆడ నడుమెత్తు బల్ల మీద ఎనిమిదడుగుల చెక్క. చెక్క మీద ఒక లోకం. జానెడు ఇంజన్, దాని ఎనక నాలుగు డబ్బాలు, మూడు వేళ్ల ఎత్తు. ఐస్‌క్రీం పుల్లలతోని మంజీర మీద వంతెన. పాత పేపర్లు నానవెట్టి చేసిన గుట్ట, గుట్టల సొరంగం. ఒక పక్క కాలువ, ఇంకో పక్క అట్టతోని టేషన్, టేషన్ల గోరంత మనుషులు, వాళ్లకు గింజంత మూటలు. వాడిన చాయ్‌పత్త ఎండవెట్టి మట్టి చేసిండు. చాయ్ జల్లెడతోని కంకర జల్లించి, పట్టాల నడుమ ఒక్కొక్క రాయి సూదితోని పేర్చిండు. నాలుగేండ్ల పని.

సుజాత మొత్తుకునేది. "సవతిని తెచ్చినా బాగుండు అక్కా, అది చాయ్ జల్లెడనన్న ముట్టకపోవు!"

ఒకనాడు విఠల్ మెట్లు రెండు రెండు దిగుకుంట వచ్చిండు.

"వదినె! పట్నం నుంచి సంఘపోళ్లు వస్తున్నరు. గిట్లాంటి రైళ్లు కట్టెటోళ్ల సంఘం. పై ఐతారం కాదు, ఆ మీది ఐతారం."

"ఎందుకురా, కొంటరా?"

"కొనరు, చూస్తరు. నచ్చితే పట్నంల ప్రదర్శనల పెడ్తరు. బోర్డు మీద నా పేరు రాసి."

"నా పేరు" అనంగనే వాని చెవులు ఎర్రగైనయ్. నలభై ఏండ్ల మనిషి. దుకాణం బోర్డు మీద గూడ ఇప్పటికీ మా మామ పేరే ఉంది. నేను ఈ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడు వాడు నిక్కరు జారవెట్టుకొని ఉరికే పోరడు. వాని ముక్కు తుడిసింది నేనే. వాని పేరు బోర్డు మీద చూడాలె అని నాకెందుకుండదు? అన్ని అనర్థాలకు మూలం ఈ ప్రేమనే, రాసుకోన్రి.

గంతల్నే మద్నూర్ల ఒక పత్తి మిల్లుల మోటార్లు కాలినయని పిలుపొచ్చింది. పది దినాల పని. పొయ్యే ముందు విఠల్ నన్ను మీదికి తోల్కపోయి తాళంచెవి చేతుల పెట్టిండు.

"వదినె, అంత అయిపోయింది. గీ కాలువ పక్కన పొలం జాగ ఒక్కటే మిగిలింది. వచ్చినంక రంపంపొట్టుకు ఆకుపచ్చ రంగేసి అద్దుత, ఒక్క పూట పని. నువ్వు దుమ్ము దులుపు, గంతే. ఇంకేం ముట్టకు."

"నేనెందుకు ముడ్తరా!" అన్న.

గప్పుడు నిజంగనే అన్న. నా మీద ఒట్టు.

కని మీరే చెప్పున్రి. ముప్పై ఏండ్లు కాలువ కింద నాటేసిన దాన్ని. మా ఆయన పోయిన యాడాది గూడ పదకొండొద్దులైనంక మళ్ల పొలంలకు దిగినదాన్ని. ఈ రైలు ముచ్చట జరిగిన యాడాది మోకాళ్లు అరిగినయని, నీళ్లల్ల దిగొద్దని దవాఖానల చెప్పిన్రు. వానలు వడ్డయ్, కాలువ వదిలిన్రు, నాట్ల కూలీలు ఆటోల ఎక్కి పాడుకుంట పోతున్నరు, నేనేమో ఇంట్ల కూసోని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న. చేతులు గుంజుతున్నయ్. అసొంటి టైముల నా ముంగట నడుమెత్తు బల్ల మీద, కాలువ పక్కన, ఖాళీ పొలం! అందుల విఠల్ రంపంపొట్టు అద్దుతడట! పొట్టుకు రంగేస్తే వరైతదా? గాడిదకు గంటకడితే ఇంజనైతదా?

మర్నాడే మా దోస్తు సోనీబాయిని పిలిచిన. తండా మనిషి, నాతోని ఇరవై ఏండ్లు ఒక్క వరుసల నాటేసింది. చెక్కను చూసి నడుము మీద చెయ్యి వెట్టుకొని నిలవడ్డది.

"ఎంత పొలమే అక్కా ఇది?"

"చాటంత."

"ఒంగే పని లేదు?"

"లేదు. నిలవడి నాటెయ్యొచ్చు."

"అక్కా," అన్నది మెల్లగ, "స్వర్గంల పొలాలు గిట్లనే ఉంటయేమో!"

నేను తెలివిలేనిదాన్ని కాదు. చెక్క నానొద్దని కింద యూరియ సంచి లోపలి కవరు పరిచిన. దాని మీద కాలువ గట్టు కాడి బురద, పట్టాల పొంటి రెండు వేళ్ల మందం ఒడ్డు. సోనీబాయి కొంగుల మూటగట్టి పన్నెండొద్దుల నారు తెచ్చింది, వేలెడు పొడుగు. ఇద్దరం నిలవడి, ఇంత నవ్వుకుంట, వరుసగ నాటేసినం. నాటేసి చూస్తే నా కండ్లల్ల నీళ్లొచ్చినయ్. విఠల్ పెట్టిన గోరంత రైతు గట్టు మీద నిలవడి "భళా" అంటున్నట్టే ఉండె.

మూడో నాడు సుజాత చూసింది.

"అక్కా! ఏంది గిది?"

"వరి."

"అది నాక్కూడ కనవడ్తుంది! ఆయన చూస్తే?"

"మురుస్తడు. పట్నపోళ్లు పొట్టు మస్తు చూసిన్రు. వరి చూసిన్రా?"

"మునిగితే?"

"కవరు పరిచిన గదనే! ముప్పై ఏండ్ల అనుభవం నాది."

ఆరో నాడు ఆకులు జర పసుపు తిరిగినట్టు అనిపిస్తే చిటికెడు యూరియ చల్లిన. చిటికెడంటె నా చిటికెడు. ఎకరాలకు చల్లిన చెయ్యి అది, దానికి చాటంత పొలం లెక్క ఏమెరుక? వరి లేచింది చూడున్రి! వేలెడు నారు జానెడైంది. గట్టు మీది రైతు మెడల దాక కనవడెటోడు, మర్నాటికి టోపీ కనవడ్డది, ఆ మర్నాటికి రైతే లేడు.

ఎనిమిదో నాడు సోనీబాయి ఒడ్డు కాడ వంగి చూసి, "అక్కా, మట్టి గోలీలున్నయ్. ఎండ్రికాయ బొక్క వెడ్తుంది" అన్నది. పొలాలల్ల గట్లకు బొక్కలు పెట్టి నీళ్లన్ని పారగొట్టేది ఎండ్రికాయనే, అందరికెరుకే. నేను పకపక నవ్విన. "మెట్లెక్కి ఎండ్రికాయ ఏడికెళ్లి వస్తదే!" బురదల నేనే మోసుకొచ్చిన్నని నా బుర్రకు తట్టలే. చంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టు.

శుక్రారం విఠల్ ఫోన్ చేసిండు.

"వదినె, ఇంకా రెండు మోటార్లున్నయ్. ఐతారం పొద్దుగాల వాళ్లను బస్టాండ్ కాడనే కలిసి తోల్కొస్త. పొలం జాగ ఖాళీగనే చూపెట్టాలె ఇగ."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. పొలం సంగతి నేను చూసుకున్న."

"పొట్టు అద్దినవా?"

"దానికంటె మంచిగుంది."

"వదినె! ఏం చేసినవే?"

"ఐతారం చూస్తవు గదా!" అని పెట్టేసిన. మురిపెంగ ఉంటదని చెప్పలే. మురిపెం!

ఐతారం వచ్చిన్రు. భూతద్దం పట్టుకున్న ఒక పెద్ద సారు, వీడియో తీసే ఒక మేడం, వాళ్ల ఎనక విఠల్, పది దినాల గడ్డంతోని. సారు వంతెన చూసి "ఆహా" అన్నడు. కంకర చూసి "ఒక్కొక్క రాయి పేర్చారా!" అన్నడు. విఠల్ చెవులు ఎర్రగైనయ్. గంతల్నే సారు కాలువ దాటి ఇవతలికొచ్చిండు. ఆగిండు. భూతద్దం వెట్టిండు. తీసిండు. మళ్ల వెట్టిండు.

"విఠల్ గారూ, ఈ వరి... ఇంత సహజంగా... ఏ కంపెనీది?"

విఠల్ నోరు తెరిసిండు. నేనే అందుకున్న.

"సోనీబాయి కంపెనీది సార్!"

సారు ఆకు తుంచి వాసన చూసిండు. మేడం బురదల వేలు ముంచి తీసింది. విఠల్ నా దిక్కు చూసిండు. ఆ చూపు మీకు చెప్పలేను. కాలిన మోటారును వాడు గట్లనే చూస్తడు, ఇది అయ్యేదా కాదా అని.

"రైలు నడిపించండి, చూద్దాం" అన్నడు సారు.

విఠల్ గుండె చిక్కవట్టుకొని మీట తిప్పిండు. బాన్సువాడ ఎక్స్‌ప్రెస్ కూత వెట్టింది. వంతెన దాటింది. సొరంగంల దూరి ఎల్లింది. గిర్రున మలుపు తిరిగి వరి నడుమకు పోయింది. ఇగ పోయింది! ఇంజన్ లేదు, డబ్బాల్లేవు. ఆకులు ఊగుతున్నయ్, గంతే. అందరం అవతలి పక్క చూస్తున్నం, బస్సు కొరకు చూసినట్టు.

"వస్తదా?" అన్నది సుజాత.

వచ్చింది. ముందుగాల ఇంజన్ కాదు వచ్చింది. ఎండ్రికాయ. పట్టాల మీదికెక్కి, రెండు కొండీలు మీదికెత్తి, ట్రాఫిక్ పోలీసు లెక్క నిలవడ్డది. దాని ఎనక ఇంజన్ వచ్చి గుద్దింది. ఎండ్రికాయ ఊకుంటదా? ఇంజన్ మూతిని రెండు కొండీలతోని పట్టింది. ఇంజన్ ముందుకు గుంజుతుంది, ఎండ్రికాయ ఎనకకు గుంజుతుంది. బాన్సువాడల మొదటి రైల్ రోకో అదే.

"వదలవే!" అని నేను చీపురు పుల్లతోని పొడిసిన. ఎండ్రికాయ వదిలింది. వదిలి, సక్కగ తను తవ్విన బొక్కల దూరింది. ఆ దూరుడుకు ఒడ్డు తెగింది. పది దినాల నీళ్లు, బురద, యూరియ అంత కలిసి టేషన్ మీదికి వచ్చినయ్. టికెట్ల కాడ నిలవడ్డ గోరంత మనుషులు మూటలతోని సహ తేలుకుంట పోయిన్రు. టేషన్ మాస్టర్ ముందుగాల పోయిండు, పెద్దమనిషి గదా. బల్ల కింద కరెంటు డబ్బా "ఠప్" అన్నది. పొగ. ఊరందరి మోటార్లు బాగుచేసెటోని మోటారే కాలింది.

నేను చెంబుతోని నీళ్లు తోడుతున్న. రైలు మునిగినంక గండి పూడ్చినట్టు. మేడం నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నది, వీడియో మాత్రం బంద్ చెయ్యలే. విఠల్ నవ్వలే. తిట్టలే. స్టూలు మీద కూసోని నానిన టేషన్‌ను రెండు చేతుల్ల పట్టుకున్నడు. అప్పుడు నా గుండె గూడ ఠప్పన్నది.

"సార్," అన్న, చెంబు కింద వెట్టి, "తప్పు నాది. ఆయనది సూది పని. నాది నాటు పని. ఆయన పేరు కొట్టెయ్యకున్రి."

సారు కండ్లు తుడుసుకున్నడు, నవ్వుకే. "అమ్మా, పట్టాలు తప్పిన రైళ్లు చాలా చూశాను. ఎండ్రకాయ ఆపిన రైలు ఇదే మొదటిది." అని విఠల్ భుజం మీద చెయ్యి వేసిండు. "వంతెన చాలయ్యా, నీ చెయ్యి ఏంటో తెలిసింది. మళ్లీ కట్టు. ఆరాక పిలువు, నేనే వస్తా."

విఠల్ మూడొద్దులు నాతోని మాట్లాడలే. చెక్క ఉబ్బి గర్భిణి లెక్కయింది, పట్టాలు ఒంటె వీపు లెక్కయినయ్. నేను అన్నం పెడ్తే తింటుండు, పోతుండు. నాలుగో నాడు పళ్లెం ముంగట కూసోని తల ఎత్తకుంటనే అడిగిండు.

"వదినె, పొట్ట మీదున్న వరి రంగు, నారు రంగు ఒక్కటేనా?"

"ఒక్కటెట్లైతదిరా! నారు లేతది, చిలుక రెక్క లెక్క. పొట్ట మీద, కంకి ఎల్లే ముందు, జర నలుపు తిరుగుతది."

"రంగు కలుపుత. చూసి చెప్పు. చేతులు మాత్రం ఎనకకు కట్టుకో."

గట్ల మళ్ల ఏడాది పట్టింది. వాడు పొట్టుకు రంగేసుడు, నేను చేతులు ఎనకకు కట్టుకొని "ఇది ఎండినట్టున్నది, ఇది తెగులొచ్చినట్టున్నది" అనుడు. పట్నం సారు మాట మీద నిలవడి వచ్చిండు, చూసిండు, తీస్కపోయిండు.

ప్రదర్శనకు మేమందరం పోయినం. పెద్ద హాలు. మా చెక్క చుట్టు జనం. ముంగట బోర్డు. సుజాత చదవబోతే ఆగమన్న, నేనే చదువుత అన్న. వేలు వెట్టి ఒక్కొక్క అక్షరం పట్టిన. "వి... ఠ... ల్. బా... న్సు... వా... డ." నా గొంతుకు హాలు హాలంత ఇటు తిరిగింది. తిరగనియ్యి. మా ఇంట్ల బోర్డు మీదికెక్కిన రెండో పేరది.

కింద ఇంకో వరుస ఉండె. "చేతులతో ము... ట్ట... రా... దు." ఇది అన్ని చెక్కలకు ఉంది. దాని కింద, మా ఒక్క చెక్కకే, ఇంకో వరుస. చాలాసేపు పట్టింది నాకు.

"నా... ట్లు... వే... య... రా... దు."

పక్కన ఒకాయన తలకాయ గోక్కుంటుండు. "ఇక్కడ నాట్లు ఎవరేస్తారండి?"

విఠల్ మీది దూలాలు చూసుకుంట, "ఉంటరు సార్, ఉంటరు" అన్నడు.

ఇగ నేను ఆ హాలులనే, ఆ బోర్డు మీద చెయ్యి వెట్టి ఒట్టు వెట్టుకున్న. మంజీరమ్మ సాక్షి, పారిపోయి ఇప్పటికీ దొరకని ఎండ్రికాయ సాక్షి, ఈ పానం ఉన్నన్నొద్దులు పట్టాల పక్కన బురద తొక్క, నారు పట్ట, చిటికెడు కాదు గింజంత యూరియ చల్ల.

అయితే ఒక్కటి. ఆ పొట్టు వరిల రెండు పోచలు వంకరగ, వేరే తీరుగ లేచి ఉండె. ఎవ్వలు చూడకుండ వేలుతోని పీకి కొంగుల ముడేసుకున్న. బోర్డు మీద నాట్లు వెయ్యొద్దని రాసిండు గని, కలుపు తియ్యొద్దని రాయలే గదా!