కాలేజీ తోటలో గొర్రెల మంద

మాదప్ప సారాయి తాగి తోట గేటు తీసిపెట్టి పడుకున్నాడని కృష్ణగిరి బస్టాండు టీ కొట్ల దగ్గర చెప్పుకుంటారు. బాగలూరు వైపు వాళ్లు ఇంకో మెట్టు ఎక్కి, గొర్రెలోడి దగ్గర పొట్టేలును లంచం పట్టి కాలేజీ తోటంతా మేపించాడంటారు. రెండూ తప్పే. మాదప్ప నోట్లో సారాయి చుక్క పడింది లేదు. పొట్టేలు ఊసే లేదు. జరిగింది వేరు. అది వింటే ఆ సారాయి కథే నయమనిపిస్తుంది.

మాదప్పది ఏటి ఒడ్డున చిన్న పల్లె. ఇప్పుడు పోయి చూద్దామన్నా కనపడదు, ఆనకట్ట నీళ్ల కింద ఉంది. చేను మునిగిన రోజు మాదప్ప గట్టు మీద నిలబడి, నీళ్లు రాగి మోళ్ల మీదికి ఎక్కుతుంటే పొద్దు వాలేదాకా చూశాడట. పెండ్లాం పుట్టమ్మ అత్తిముగం ఊరి ఆడపడుచు. చెయ్యి పట్టి లాక్కొచ్చింది. ఆ తరవాత ఆమె కూడా ఎక్కువ కాలం బతకలేదు. చేను లేదు, ఇంట్లో మనిషి లేదు. సంతలో గంపలు మోస్తూ తిరుగుతున్న మనిషిని నారాయణస్వామి అయ్యవారు చూశాడు.

నారాయణస్వామి హోసూరు రోడ్డు పక్కనున్న ట్రైనింగ్ కాలేజీకి ప్రిన్సిపాలు. పల్లెల్లో పిల్లకాయలకు చదువు చెప్పబోయే మాస్టర్లను అక్కడ తయారు చేసేవాళ్లు. వంగనారు నాటడం చేతకానివాడు పల్లెలో పలక పట్టి ఏం చెబుతాడని ఆయన పట్టు. కాలేజీ వెనకున్న బీడు దున్నించి, ఒక్కో కుర్రవాడికి ఒక్కో మడి పంచాడు. మడిలో పండింది హాస్టలు వంటింటికి పోవాలి, మడిని చూసి మార్కులు వెయ్యాలి. ఆ తోటకు మాదప్పను పెట్టుకున్నాడు. ఎద్దులతో నీళ్లు తోడే కపిలి బావి పక్కన పూరి కొట్టమేసుకుని మాదప్ప అక్కడే ఉండిపోయాడు. మునిగిన చేను మళ్లీ పైకి తేలినట్టు ఆ మట్టిని చూసుకునేవాడు.

కుర్రవాళ్లలో కావేరిపట్టణం కోమట్ల పిల్లవాడు శ్రీరంగయ్య ఒకడు. పుట్టి బుద్ధెరిగి పార పట్టినవాడు కాదు.

"ఏమప్పా శెట్టీ, పట్టుకున్నది పారనా, తక్కెడనా?" అనేవాడు మాదప్ప.

"తక్కెడైతే నీకంటే బాగా పట్టుకుంటాను మాదన్నా."

"అట్లయితే ఈ మట్టి తూచి ఆ గట్టు మీద పొయ్యి. తరుగు తియ్యొద్దు, నేను చూస్తా ఉంటాను."

తొలిసారి తన మడిలో వంకాయ కోసిన రోజు ఆ శెట్టి పిల్లవాడు దాన్ని వంటింటికి ఇవ్వకుండా చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. వంటమనిషి అంజినమ్మ జేబులో చెయ్యి పెట్టి లాక్కుంది.

అంజినమ్మకూ మాదప్పకూ పొద్దు లేస్తే తగువే. తగువంటే కోపం కాదు, ఇద్దరికీ వేరే మాట్లాడే దిక్కు లేదు.

"ఈ పొద్దూ ముల్లంగేనా మాదప్పా? పిల్లకాయలు తిట్టేది నన్ను, నిన్ను కాదు."

"వంకాయ రేపు కోస్తాను. ఇంకా లేతగా ఉండాది, ఇప్పుడు కోస్తే ఏడుస్తాది."

"వంకాయ ఏడిస్తే వినపడతాది నీకు. ఈ పొగలో నేను ఏడ్సేది వినపడదు."

తోట రాకముందు హాస్టల్లో సంగటి, నీళ్ల చారు, అంతే. తోట వచ్చాక చలికాలం అనపకాయ పులుసు కోసం బయట ఉన్న కుర్రవాళ్లు కూడా ఏదో వంక పెట్టుకుని హాస్టలుకు వచ్చేవాళ్లు.

అట్లా కొన్నేళ్లు నడిచింది. ఒక ఏడు రాగి కోతలు అవుతున్నప్పుడు నారాయణస్వామి బావి దగ్గరికి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అయ్యవారు ఎప్పుడూ అట్లా కూర్చునేవాడు కాదు.

"మాదప్పా, ఈ నేలలో కొత్త హాస్టలు కట్టాలని పైవాళ్లు అంటున్నారు. సోమవారం కమిటీ వస్తోంది. వాళ్లు అడిగేది ఒక్కటే. ఎండాకాలంలో కూడా ఈ తోట హాస్టలుకు కూర పెడుతుందా అని. పెడుతుందని నేను చూపించగలిగితే తోట ఉంటుంది. లేదంటే పోతుంది."

"పోతే యాడికి పోతాది అయ్యోరా?"

"పునాది కిందికి."

ఎండాకాలం పంటకు నీళ్లున్నాయి, బలం లేదు. మట్టి అలిసిపోయింది. కాలేజీకున్న రెండు ఎద్దుల పేడ ఒక మూలకు కూడా చాలదు. సగం తోటలో కుర్రవాళ్ల మడులు పచ్చగా ఉన్నాయి, కమిటీకి చూపించేది అదే. మిగతా సగం కాపు అయిపోయి ఖాళీగా ఉంది. ఎండాకాలం కూరలు వెయ్యాల్సింది అందులో. మాదప్ప ఆ ఖాళీ నేలలో పిడికెడు మట్టి తీసి పిసికి చూసి, వదిలేశాడు.

శనివారం పొద్దున రోడ్డు మీద దుమ్ము లేచింది. కొండ వైపు నుంచి గొర్రెలు మేపే పిల్లప్ప మంద దిగుతోంది. కోతలైన చేలలో రాత్రిళ్లు మంద కట్టుకుంటూ పోవడం గొర్రెలోళ్ల బతుకు. చుట్టూ తడకలు పాతి గొర్రెలను తెల్లార్లూ చేనులో నిలిపితే, అవి వేసే పెంటకు ఆ చేను మరుసటి పంటకు పొంగిపోతుంది. ఏడాదికి ఒక్కసారే మంద ఈ దారిన వస్తుంది. అందుకే దాని కోసం రైతులు పోటీ పడతారు. మంద మాట్లాడుకున్నవాడు ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పడు. మాట బయటికి పొక్కితే పక్క చేనువాడు ఎదురుపోయి, సంగటి పెట్టి బతిమాలి మందను తన చేనులోకి తిప్పుకుంటాడు. మాదప్ప పుట్టినప్పటి నుంచి చూసింది అదే.

పరుగున రోడ్డెక్కాడు.

"పిల్లప్పా, ఈ రాత్రికి యాడ నిలుపుతావు?"

"కేశవప్ప చేనులో అనుకుంటా ఉండాను అన్నా. నీకేం, నువ్వు సర్కారు మనిషివి. నీకు చేను యాడుండాది?"

"ఈడుండాది. లోపలికొచ్చి చూడు."

పిల్లప్ప లోపలికి వచ్చి చూసి తల గోక్కున్నాడు. "నేల బాగుంది. పక్కన పచ్చగా ఉండాదే, అది చూస్తేనే భయం."

"నడిమికి తడకలు గట్టిగా కట్టుకుందాం. నేను కూడా తోడుంటాను. ఎవురికీ చెప్పొద్దు."

"నేనెవురికి చెప్తాను? గొర్రెలకే చెప్పల్ల."

చీకటి పడ్డాక మంద లోపలికి వచ్చింది. మాదప్ప ఎవరికీ చెప్పలేదు. అంజినమ్మకు చెప్పలేదు, అయ్యవారికి చెప్పలేదు, గంట కొట్టే ప్యూను రాజప్పకూ చెప్పలేదు. కాలేజీ గంట అంటే పాత రైలు పట్టా ముక్క. తోట కంచెకు ఆనుకునే ఉన్న వేపచెట్టుకు వేలాడదీసి ఉండేది. తెల్లవారుజామున ప్రార్థనకు రాజప్ప సుత్తితో దాన్ని వాయిస్తే మైలు దూరం వినపడేది. ఏళ్ల తరబడి దాని పక్కనే పడుకున్న మాదప్పకు అది చప్పుడని కూడా గుర్తులేదు.

రాజప్ప రోజూ వాయించినట్టే వాయించాడు.

కొండల్లో తిరిగే గొర్రెలు అటువంటి చప్పుడు ఎన్నడూ విన్నవి కావు. మందంతా ఒక్కసారి లేచి తడకల మీద పడింది. తడకలు విరిగి కుర్రవాళ్ల మడుల్లోకి పడిపోయాయి, వాటి మీదుగా గొర్రెలు. మాదప్ప, పిల్లప్ప చేతులు చాచి అరుస్తూ అడ్డం తిరిగేకొద్దీ అవి ఇంకా బెదిరి మడి నుంచి మడికి ఉరికాయి. బెదురు తీరాక ఆకలి గుర్తొచ్చింది. ప్రార్థన ముగించుకుని కుర్రవాళ్లు వచ్చేసరికి అనప పాదులు నేల కరిచి ఉన్నాయి, వంగ మొక్కలకు మోడులు మిగిలాయి. శ్రీరంగయ్య తన పేరు రాసిన చెక్కను బురదలోంచి తీసి చొక్కాతో తుడుస్తూ నిలబడ్డాడు. నవ్వినవాళ్లూ ఉన్నారు, ఇక పార పట్టే పని తప్పిందని.

నారాయణస్వామి గట్టు మీద నిలబడి అడిగాడు. "ఎవరు రానిచ్చారు?"

పిల్లప్ప నోరు తెరవబోతే మాదప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. "నేనే పిలిసినాను అయ్యోరా. ఎండాకాలం పంటకని."

"నాతో ఒక మాట చెప్పకూడదా? గంట ఆపించేవాడిని కదా."

"మంద వస్తాదంటే ఎవురూ చెప్పరు అయ్యోరా. చెప్తే పక్క చేనోడు తిప్పుకొని పోతాడు."

"కాలేజీకి పక్క చేనువాడు ఎవడు మాదప్పా?"

అప్పుడు తెలిసింది మాదప్పకు, ఆ తోటను తాను తన చేననే అనుకున్నాడని. ఆ మాట పైకి అనలేకపోయాడు. అనలేదు కాబట్టే, మందను చాటుగా ఎందుకు పిలిచాడో అని జనంలో మొదలై, పొట్టేలు దాకా వచ్చింది కథ.

సోమవారం కమిటీ వచ్చింది. చెడ్డవాళ్లు కారు. కాఫీ తాగారు, మోడులు చూశారు, పాపం అన్నారు. ఖాళీ సగంలో గొర్రె పెంట నల్లగా పరుచుకుని ఉంది. ఆ నేలకు అంత బలం ముందెప్పుడూ రాలేదు. నారాయణస్వామి దాన్ని చూపించి ఎండాకాలం పంట గురించి ఏదో చెప్పబోయాడు. ఒకాయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు. తరవాత నెలలోనే ముగ్గు పోసి, ఆ పెంట మట్టిని తవ్వి, పునాది మట్టితో కలిపి రోడ్డు గుంతలు పూడ్చారు.

వాచ్‌మన్ పని ఇస్తామన్నారు. మాదప్ప వద్దన్నాడు. పోయేరోజు అంజినమ్మ గేటు దాకా వచ్చింది.

"యాడికి పోతావు?"

"కావేరిపట్టణం. చెల్లెలు కాళమ్మ ఉండాది కదా."

"ఆడ చేసేదేముంది నీకు?"

"ఏమీ లేదు. అందుకే పోతా ఉండాను."

అంజినమ్మ మూట కట్టిన సంగటి ముద్ద చేతిలో పెడితే, తీసుకున్నాడు కానీ దారిలో తినలేదని బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు చెప్పారు.

ఇప్పుడు మాదప్ప కాళమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటాడు. పెరట్లో కరివేపాకు మొక్క ఎండిపోతున్నా చెంబుడు నీళ్లు పొయ్యడు. పొయ్యమంటే, "అది నాది కాదు కదమ్మా" అంటాడు. పోయిన ఏడు శ్రీరంగయ్య మాస్టరు వెళ్లి పలకరిస్తే గుర్తుపట్టాడట, ఒక్క మాట కూడా మాట్లాడలేదట. చూపు తగ్గింది. తిండి తగ్గింది. కాళమ్మకు కూడా వయసు మీదపడింది.

కావేరిపట్టణం సంతకు పోయేవాళ్లు, ఏటి దగ్గర బస్సు దిగితే, కాస్త పక్క సందులోకి తిరగండి. కాళమ్మ ఇల్లు ఎవరినడిగినా చూపిస్తారు. జాలి మాటలు వద్దు, సారాయి కథ ఎత్తొద్దు. పక్కన కూర్చుని, అనపగింజ ఎప్పుడు విత్తాలని ఊరికే అడగండి. మాట పలుకుతాడో లేదో, అన్నం తింటున్నాడో లేదో చూసి, కాలేజీ వైపు వచ్చినప్పుడు అంజినమ్మకు ఒక కబురు చెప్పండి.