అత్తమ్మ తవ్విన గునుగు తోట

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. మంచిర్యాలలో గోదావరి వైపు ఉన్న మా చర్చి సమాధుల తోటకు ఇరవై ఏళ్లు కాపలా ఉన్న మనిషి. ప్రార్థనలో ఎవరో ఆమెను శాంతమూర్తి అంటుంటే నాకు నవ్వు ఆగలేదు. శాంతం ఆమె గడప తొక్కలేదు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేది.

ఆ తోటలో సమాధుల మధ్య తంగేడు, తుమ్మి, గడ్డిపూలు వాటంతట అవే పెరిగేవి. కంజు పిట్టలు గడ్డిలో గుడ్లు పెట్టేవి. ఈస్టరుకు ముందు సమాధులకు సున్నం వేయడం మా ఆనవాయితీ. ఒక ఏడు సంఘ పెద్ద ఒకాయన, చెక్కించడం ఎందుకులే అని గడ్డికి నిప్పు పెట్టించాడు. కాలిన కంజు పిల్లలను కొంగులో వేసుకుని అత్తమ్మ ఆయన ఇంటికి పోయి, అన్నం తింటున్న పళ్లెంలో కుమ్మరించింది. "తిను, నువ్వు గాల్చినయే" అంది. ఆ తర్వాత తోటలో కొడవలి పెట్టాలంటే ఆమెను అడగాల్సిందే. "సచ్చినోళ్లకు సున్నమెందుకు, జర పూలు ఉండనియ్యుండ్రి" అనేది.

అలాంటి మనిషి ఒకనాడు తన తోటను తనే నరికింది.

అది ఎనభైల చివర. తొలి వానలు పడుతున్నాయి. అడవికి పోయి అన్నల్లో కలిసిన మా వాడకట్టు పిల్లగాణ్ణి పోలీసులు కాల్చి గోదావరి ఇసుకలో పడేశారు. శవాన్ని ఎవరూ ముట్టొద్దన్నారు. రెండో నాటికి కుక్కలు చేరాయి. మిట్టమధ్యాహ్నం కాపలావాళ్లు అన్నానికి పోయినప్పుడు అత్తమ్మ తోపుడు బండి తీసింది. నేను అప్పటికే బడిలో టీచర్‌ను. అయినా వెంట పోయాను. అతని ముఖం సగమే మిగిలింది. గోనె సంచులు కప్పి తెచ్చి, తోట నడుమ గొయ్యి తవ్వి పెట్టాం. అతని తల్లికి కూడా చెప్పలేదు.

మర్నాడు పోయి చూస్తే అత్తమ్మ తంగేడు చెట్లను వేళ్లతో సహా పెకిలిస్తోంది. ఏడుస్తూనే పెకిలిస్తోంది.

"పిచ్చి లేసిందా అత్తమ్మా?"

"తవ్విన మట్టిల గునుగు మొలుస్తది బిడ్డా. గా ఒక్క జాగల్నే మొలిస్తె ఎవడన్న గుర్తువడ్తడు. అంత తవ్వాలె. పార అందుకో."

సమాధులు వదిలేసి తోటంతా వారం రోజులు తవ్వాం. కిందటేటి ఎండిన గునుగు తలలు తెచ్చి ఆమె అంతటా దులిపింది.

బతుకమ్మ నెలకు గునుగు పూసి తోట తెల్లబడింది. ఎవరు చెవిన వేశారో, పోలీసులు వచ్చారు. శవం ఉన్న చోటు తెలిస్తే జనం అక్కడ స్తూపం కడతారని వాళ్ల భయం. లాఠీలతో గునుగు తలలు ఎగరగొట్టారు. నాలుగు చోట్ల తవ్వితే ఎవరివో పాత ఎముకలు వచ్చాయి. అత్తమ్మను జుట్టు పట్టి ఈడ్చి, చెయ్యి సమాధి బండ మీద పెట్టించి బూటుతో తొక్కారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

"ఈడున్నోళ్లంత సచ్చినోళ్లే సారు. ఎవలు గావాల్నో తవ్వుకో" అంది.

నేను తట్టుకోలేకపోయాను. చెప్పేద్దామని "సార్, నేను..." అన్నాను. ఆమె మంచి చేత్తో విసిరిన రాయి నా మూతికి తగిలింది. రెండు పళ్లు ఊడి నోటి నిండా రక్తం.

"పిల్లలకు పాఠాలు జెప్పుకో పోవే. నా తోట సంగతి నీకెందుకు?"

ఇద్దరికీ పిచ్చేనని నవ్వుకుంటూ వాళ్లు వెళ్లిపోయారు. ఆ రాయి తగలకపోతే నేను చెప్పేసేదాన్ని. ఆ దెబ్బకు ఆమెకు మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

ఆ పిల్లగాడి తల్లి ఏటా బతుకమ్మ పేర్చడానికి గునుగు కోసం వచ్చేది. ఆమెకు అనుమానమే. "అక్కా, ఒక్కసారి జూపెట్టు" అని కాళ్లు పట్టుకునేది.

"నువ్వు గాడ కూసుండి ఏడుస్తవు. ఏడిస్తె మళ్ల తవ్వుతరు" అని అత్తమ్మ, వంకర తిరిగిన చేత్తో తనే గంప నింపి పంపేది. కన్నతల్లికి అంత కఠినంగా ఎలా చెప్పగలిగిందో. ఆ విషయంలో ఆమె మీద నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

అత్తమ్మను మట్టిలో పెట్టాక అందరూ వెళ్లిపోయారు. ఆ తల్లి ఒక్కతే నిలబడి ఉంది.

"టీచరమ్మా, ఇప్పుడన్న జెప్పు."

ఆమె చెయ్యి పట్టుకుని నడిపించి ఒక చోట ఆగాను. ఆమె చెప్పులు విప్పింది. కొంగు పరిచి, పాలు తాగే పిల్లాడి పక్కన పడుకున్నట్టు, ఆ మట్టి మీద ఒత్తిగిలి పడుకుంది.