లైసెన్సు లేని నాలుగో చోటు

రెండువేల ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో నేను గల్ఫులో, అల్ ఖువైర్‌లో, టీవీ ఛానళ్ల లైసెన్సు కాగితాలు తయారుచేసే చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. ఇంటిమీది యాంటెన్నాతో అందే డిజిటల్ టీవీకి అప్పుడు మా దగ్గరే పరీక్షలు జరుగుతున్నాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో నాలుగు ఛానళ్లు, మా రూమ్‌లో నాలుగు మంచాలున్నట్టే. ఏ చోటు ఎవరిది, ఏ భాష, ఎంతదూరం అందాలి, అన్నీ లైసెన్సులో ఉండాలి. ఒక్క మాట మారినా ఫైలంతా మళ్లీ టైపు చెయ్యాలి. చేసీ చేసీ ప్రాణం విసిగిపోయింది.

నాలుగో చోటుకి ఇంకా లైసెన్సు రాలేదు. అందులో కదలని రంగుల పట్టీలు తప్ప ఏదీ చూపించకూడదు. కదిలే బొమ్మ లేకపోతే సిగ్నల్ తెగుతోందో లేదో ఎలా తెలుస్తుందని ఇంజనీరు పొద్దున్నుంచీ ఒకటే సణుగుడు. వాదించే ఓపిక లేక నా సంచిలో ఉన్న సీడీ ఇచ్చాను. అది మా పాపకి చెవులు కుట్టించినప్పటి వీడియో. పది నిమిషాలు నడిచిందో లేదో, మేనేజరు చూసి ఆపించాడు.

"ఎవరైనా చూసుంటే నీ వీసా క్యాన్సిల్," అన్నాడు హిందీలో.

ఆ సిగ్నల్ అందుకునే పెట్టె బయట ఒక్క ఇంట్లోనే ఉంది, ఖురియాత్ అనే ఊళ్లో. పరీక్ష కోసం మేమే పెట్టించాం. ఆ ఇంట్లో ఎవరూ చూడలేదని రాయించుకు రమ్మన్నాడు.

మర్నాడు వెళ్లాను. ఇంటి పెద్దాయన, నిన్న మేమంతా పెళ్లికి వెళ్లామంటూ సంతకం పెట్టేశాడు. "అమ్మయ్య," అన్నాను పైకే.

ఖావా, అదే అరబ్బుల కాఫీ, తెచ్చిన పనామె అక్కడే ఆగిపోయింది.

"తెలుగోళ్లా అన్నా? మాది కడప పక్క. నిన్న ఈ టీవీలో మన తెలుగొచ్చినాది! మూడేండ్లాయ ఈ ఇంట్లో మన మాట ఇని. ఎవురో పాపకు చెవులు కుడతాండారు, ఒకటే ఏడుపు. అంతలోనే పోయినాది. మళ్లా ఎప్పుడొస్తాది?"

ఏమంటోందని పెద్దాయన అడిగాడు. ఊరి సంగతులన్నాను. నాకే సిగ్గేసింది.

"ఇంక రాదమ్మా."

"పాప ఏడుపు మానిందో లేదో," అంది, ఖాళీ కప్పు తీసుకుంటూ.

మానింది. మా ఆవిడ బెల్లం ముక్క నోట్లో పెట్టగానే మానింది. ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. ఎవరూ చూడలేదన్న కాగితం జేబులో పెట్టుకుని లేచాను.