విరగని టీ గవ్వలు

అచ్చులోంచి మొదటి కేకు ఊడిరాగానే చిన్నమ్మి దాన్ని రెండుగా విరిచేది. ఒక సగం వాసన చూసి, నిలబడే నోట్లో వేసుకునేది. రెండో సగాన్ని తల తిప్పకుండానే వెనక్కి చాచేది. అక్కడ బొగ్గుల ముందు పీట మీద ఆమె భర్త వీరన్న ఉండేవాడు. మసి అంటిన చెయ్యి వచ్చి ఆ సగాన్ని అందుకునేది. నమలడం అయ్యేదాకా ఇద్దరికీ మాట ఉండేది కాదు.

"ఊఁ," అనేవాడు వీరన్న.

ఆ మాట వచ్చాకే మిగతావి పళ్ళెంలోకి దిగేవి.

బర్మాలోని యాంగోన్‌లో, చిమిండైంగ్ బజారు వెనక సందులో, ఒక మేడ కింది గది వాళ్ళ ఇల్లు. వీరన్న తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడలో వచ్చి రేవులో మూటలు మోశాడు. వీరన్న కూడా నడుం పట్టేసేదాకా ఆ రేవులోనే మోశాడు. చిన్నమ్మి ఒక ఫ్రెంచి కుటుంబానికి వంటలో సాయం చేసేది. రోజులు బాగాలేవని వాళ్ళు దేశం వదిలి పోయేటప్పుడు ఆ ఇల్లాలు రెండు అచ్చు పలకలు ఆమె చేతిలో పెట్టింది. పలక నిండా సముద్రపు చిప్పల్లాంటి గుంటలు. వాటిలో కాల్చే చిన్న మెత్తని కేకును వాళ్ళ భాషలో మద్లెన్ అంటారు. సందులో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. మీది గీతలూ టీ వాసనా చూసి టీ గవ్వలు అన్నారు. అదే నిలిచింది.

వెన్న కరిగించి, అందులో షాన్ కొండల టీ ఆకు వేసి, మూత పెట్టి వదిలేసేది. ఆకు వాసన వెన్నకు పట్టాక పలుచని గుడ్డలో పిండేది. గుడ్లూ పంచదారా గిలకొట్టి, మైదాలో చెంచాడు బేకింగ్ పౌడర్ కలిపి, చివర ఆ వెన్న పోసేది. ఫ్రెంచి ఇంట్లో కరెంటు పొయ్యి ఉండేది. ఇక్కడ కరెంటు ఎప్పుడొస్తుందో, వస్తే ఎంతసేపుంటుందో చెప్పలేరు. మొదట్లో సగం కాలిన పిండిని చూసి చిన్నమ్మి ఏడ్చింది. వీరన్న వీధి చివర రొట్టె కాల్చే బర్మా ముసలామె దగ్గరికి పోయి చాలా పొద్దు కూర్చుని వచ్చాడు. మర్నాడు ఒక ఇనప గిన్నె తెచ్చాడు. కింద నిప్పు, మూత మీద నిప్పు. పైనిప్పు ఎప్పుడు తగ్గించాలో అతనికి చెయ్యే చెప్పేది. గవ్వలు పొట్టలు పొంగి బంగారు రంగులో వచ్చాయి.

మంచివి లత అనే పేటలోని ఒక టీ కొట్టుకు పోయేవి. విరిగినవి, అంచు మాడినవి ఇంట్లో ఉండేవి. అవే వీరన్నవి.

"ఒలే, నానూ మనిసినే. ఒక్కసారి ఇరగనిది ఎట్టవేటే?"

"నీకున్న పళ్ళకి ముక్కలే ఎక్కువ."

"అయితే పళ్ళు కట్టించీ. అప్పుడెట్టు."

"కట్టిత్తాను. ముందు నిప్పు సూడు."

అతను నవ్వేవాడు. ఆమె కూడా. ఆ మాట చాలాసార్లు వచ్చేది, పోయేది.

వాన వెలిసిన ఒక సాయంత్రం వీరన్న బొగ్గుల బస్తా కోసం బజారుకు పోయాడు. బస్తా కొన్నాడు. దాని మీదే కూర్చున్నాడు. కొట్టువాడు పలకరిస్తే పలకలేదు.

పిల్లలు లేరు. వీరన్న చెల్లెలు జయ పక్క సందులోంచి వచ్చి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ వండింది. బటానీలు ఉడకబెట్టింది. అల్మారా తుడిచింది, డబ్బాలు సర్దింది. చిన్నమ్మి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె తలలో ఒక్క సంగతే తిరుగుతోంది. అతను ఎన్నడూ ఒక్క గవ్వ పూర్తిగా తినలేదు.

పెద్దదినం ముందు రోజు వీరన్న మేనత్త మంగాయమ్మ అడిగింది. పోయినవాళ్ళకు ఆకులో ఏం పెట్టాలో ఆ ఇళ్ళల్లో ఆవిడే చెబుతుంది.

"ఆడికి ఏటేటి ఇష్టమో సెప్పు పిల్లా. అయ్యే ఎట్టాలి. సేపల పులుసు సరే. సుట్ట సరే. ఇంకేటి?"

"గవ్వలు," అంది చిన్నమ్మి. "ఇరగనియ్యి. పళ్ళెం నిండా."

"గుడ్డేత్తావు గదా అందులో?"

"ఏత్తాను."

"ఎయ్యి. సేపలు తినీవోడికి గుడ్డేటి తప్పు?"

దినం నాడు పొద్దున్నే తలస్నానం చేసి చిన్నమ్మి వెన్న కరిగించింది. అన్నిటికన్నా మంచి ఆకు తీసింది. గుడ్లు ఒక్కొక్కటీ వాసన చూసి కొట్టింది. అల్మారాలోంచి బేకింగ్ పౌడర్ డబ్బా తీసి చెంచాడు వేసింది. నిప్పు తనే చూసుకుంది. మూత మీది బొగ్గుల పైన చెయ్యి పెట్టి, కాలేదాకా ఉంచింది. అతనికి ఎలా తెలిసేదో ఆమెకు తెలియదు.

మూత తీస్తే గవ్వలు పొంగి ఉన్నాయి. రంగు ఎప్పటికన్నా ముదురుగా ఉంది. ఆకు మంచిది, బాగా పట్టింది అనుకుంది. అలవాటుగా మొదటిది చేతిలోకి తీసుకుంది. మంగాయమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏటే, ఎంగిలి సేసేత్తావా? ముందు ఆడు. తరవాత మనం."

చిన్నమ్మి దాన్ని పళ్ళెంలో పెట్టింది. ఒక్కటీ విరగలేదు.

ఏటి గట్టున అరిటాకు వేశారు. అన్నం, పులుసు, చుట్ట, గవ్వలు. అందరూ వెనక్కి జరిగారు. పడవలు అవతలి ఒడ్డుకు పోతున్నాయి. కాకి ఒకటి వచ్చి అన్నం పొడిచింది. చేప ముక్క మింగింది. గవ్వను ముక్కున పట్టుకుంది, వదిలేసింది. మళ్ళీ పట్టుకుని ఎగిరిపోయింది.

"ముట్టాడు," అంది మంగాయమ్మ. "మా ఓడు అలిగి కూకునీ రకం కాదు."

ఎవరో నవ్వారు. అలాంటి రోజున ఆ నవ్వు ఎవరికీ తప్పనిపించలేదు.

ఇంటికొచ్చి చిన్నమ్మి బంతిలో అందరికీ ఒక్కో గవ్వ పెట్టింది. తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మంగాయమ్మ కొంచెం కొరికి మిగతాది కొంగున కట్టుకుంది. జయ మంచినీళ్ళు తాగి, మళ్ళీ తాగింది.

"ఎలాగున్నాయి జయా?"

"బాగున్నాయొదినా."

అందరూ లేచాక చిన్నమ్మి ఒకటి తింది. నోట్లో సబ్బు ముక్క పెట్టుకున్నట్టుంది. నాలుక మీద చేదు. టీ లేదు, వెన్న లేదు. ఉమ్మెయ్యలేదు. మింగి, అల్మారా దగ్గరికి పోయి డబ్బా మూత తీసింది. వేలితో అద్ది నాలుక మీద రాసుకుంది.

"జయా, ఇందులో ఏటి పోసేవు?"

జయ గిన్నె కింద పెట్టింది.

"వంటసోడా. బటానీలకి తెచ్చినాను. పొట్లం సిరిగిపోతే... ఆ డబ్బాలో పోసేసినాను. అడుగున తెల్లగా కొంచివే ఉంది, అదీ సోడాయే అనుకున్నాను." ఆమెకు అప్పుడు అర్థమైంది, బర్మా వాళ్ళ కేకే నోటికొచ్చింది. "అమలే! ఒదినా! నానెంత పని సేసేను."

"తిన్నప్పుడు సెప్పలేదేటే?"

"ఎలా సెప్పను? మా అన్న పేరున ఎట్టినావు."

చిన్నమ్మి డబ్బా మూత బిగించింది. తిట్టలేదు. చెప్పులు వేసుకుంటున్న మంగాయమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, మళ్ళీ సేసి ఎట్టొచ్చా? రేపు?"

"కాకి ముట్టిందంటే ఆడు తినేసినట్టే. లెగిసిపోయిన బంతికి వడ్డిత్తావేటే? ఏడాదికి ఒత్తాడు. అప్పుడెట్టు."

"ఏడాదా?"

మంగాయమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. ఆవిడ కూడా ఆ గవ్వను కొరికింది కదా.

మర్నాడు ఉదయం జయ వచ్చేసరికి తలుపు తీసే ఉంది. చిన్నమ్మి గడప పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం. అందులో నిన్న మిగిలిన గవ్వలు. ఆమె వాటిని తింటోంది.

"ఏటి సేత్తున్నావొదినా? పారేసీ. కడుపు పాడైపోద్ది."

"మీ అన్న తిన్నాడు."

"సోడా సంగతి నీకు తెలీదు గదా. నా తప్పు అది. నాకు పెట్టీ, నాను తింతాను."

జయ చెయ్యి చాచింది. చిన్నమ్మి పళ్ళెం అవతలికి జరుపుకుంది.

"నువ్వు నిన్న తిన్నావు."

బజారు లేస్తోంది. సందులో సైకిళ్ళు పోతున్నాయి. జయ గడప మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నమ్మి తొందరపడలేదు. ప్రతి ముద్దనూ నమిలి మింగింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చినప్పుడు ఆగింది, తుడుచుకుంది, మళ్ళీ తింది. పళ్ళెంలో ఏమీ మిగలకుండా తింది. తరువాత లేచి పళ్ళెం కడిగి, నీళ్ళు ఓడడానికి గోడకు ఆనించింది.