ఇదేనా నువ్వన్నది?

మొన్న సూర్యాపేటలో మా చెల్లెలు కూలర్‌కు కొత్త వట్టివేళ్ల తడిక పెట్టించింది. నీళ్లు తగలగానే లేచిన ఆ వాసనకు కూర్చున్నచోటే మిర్యాలగూడ మున్సిఫ్ కోర్టుకు వెళ్లిపోయాను. ఎనభైల చివర్లో అక్కడ నేను టైపిస్టును. కిటికీలకు తడిపిన తడికలు, కింద బల్లమీద నా మిషను, పైన మా జడ్జి సోమశేఖరం గారు.

సాక్షి తెలుగులో చెబితే జడ్జి ఇంగ్లీషులో చెప్పి టైపు చేయించడం ఏ కోర్టులోనైనా ఉన్నదే. ఆపైన వేలిముద్ర తీసుకొని పంపేస్తే పని తీరిపోతుంది. ఈయన అట్లా పంపేవారు కారు. ఆ కాగితం చూస్తూ మొత్తం మళ్లీ తెలుగులో చెప్పి, "ఇదేనా నువ్వన్నది?" అని అడిగేవారు. ఒకసారి వేములపల్లి వైపు తండా నుంచి దాయాది మీద కేసు పెట్టి వచ్చిన ఆమె అంతా విని, తల అడ్డంగా ఊపింది.

"కొట్టిండనలే సారూ. కొట్టనీకి వచ్చిండన్న."

ఆయన ఆ వాక్యం తీయించి మళ్లీ చెప్పారు.

ఇట్లా అయితే కేసులేం తెములుతాయి? వాయిదాలకు తిరిగి విసిగినవాళ్ల గోడూ అబద్ధం కాదు. ఏటేటా ఆయన సర్వీసు రికార్డులో 'పని మందకొడి' అని ప్రతికూల వ్యాఖ్యలు చేరాయి. నాకు భయం పట్టుకుంది. చనువు తీసుకొని ఒకరోజు అనేశాను.

"సార్, ఈ చదివి వినిపించుడు జర తగ్గిస్తే మీ నౌకరి నిలుస్తది."

"నిలుస్తుందమ్మా. ఆమె అనని మాట కూడా నిలుస్తుంది" అన్నారు.

తొంభైల్లో నిర్బంధ పదవీ విరమణ ఉత్తర్వు వచ్చింది. లంచం తిన్నాడని ఒక్కరూ అనలేదు. అయినా 'తీసేసిన జడ్జి' అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది.

ఆయన సొంతూరు కోదాడ వెళ్లి కలిశాను. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు. పైవాళ్లను, రికార్డులను, అందరినీ తిట్టిపోశాను. అడ్డురాకుండా విని, అలవాటుకొద్దీ మొదలుపెట్టారు.

"ఉద్యోగం పోయినందుకు కాదు, నన్ను పని చేతకానివాడన్నందుకు నీకు కోపం. ఇదేనా నువ్వన్నది?"

"అదే సార్. ఇంకొకటి నేను చెప్పలే."

"చెప్పమ్మా."

"మీరు లేని కోర్టుకు పోబుద్ధి అయితలేదు."

ఆ మాటొక్కటి ఆయన తిరిగి చెప్పలేకపోయారు. గ్లాసు కింద పెట్టి కళ్లు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను.

ఇప్పటికీ ఇంట్లో ఎంత గొడవైనా, ఎదుటివాళ్ల మాట వాళ్లకే తిరిగి చెప్పి "ఇదేనా నువ్వన్నది?" అని అడగందే వదలను. నా పిల్లలు విసుక్కుంటారు. విసుక్కుంటూనే, "గట్ల కాదమ్మా" అని దిద్దుతారు.